వేసవి సెలవుల్లో చెన్నై సముద్రతీరం: తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి వచ్చిందంటే చెన్నైలో ఉండే తెలుగువాళ్లకి ఊళ్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. పిల్లలకి సెలవులు, సముద్రం చూపిద్దామనుకుంటున్నాం, ఎలా ప్లాన్ చేసుకోవాలి అని. ఎండ, బస, మహాబలిపురం, నీళ్లలో దిగడం... ఏటా అవే సందేహాలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ధరలు తరచుగా మారతాయి కాబట్టి వాటిని రాయలేదు.

## బయల్దేరే ముందు

మే నెలలో చెన్నై ఏమిటండీ, ఎండకి మాడిపోమూ?

మధ్యాహ్నం బయట తిరిగితే మాడిపోతారు, అందులో సందేహం లేదు. మే 4 నుంచి 28 వరకు ఉండే ఎండల్ని ఇక్కడ అగ్ని నక్షత్రం అంటారు. అది ముగిసేలోపే మన రోహిణి కార్తె మొదలవుతుంది. 2003 మే 31న చెన్నైలోని నుంగంబాకం వాతావరణ కేంద్రంలో 45 డిగ్రీలు నమోదయింది.

అయితే ఈ ఊరికి సముద్రపు గాలి అండ ఉంది. ఎండకి నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది వేడి గాలి పైకి లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. మామూలు రోజుల్లో మధ్యాహ్నానికల్లా ఇది ఒడ్డున మొదలై ఊళ్లోకి పాకుతుంది. పడమటి గాలి బలంగా వీచే రోజున మాత్రం సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. 40 డిగ్రీలు దాటేది అలాంటి రోజుల్లోనే.

అందుకని రోజును ఎండను బట్టి విడదీసుకోండి. ఉదయం ఐదున్నర నుంచి తొమ్మిది వరకు బయట, పది నుంచి నాలుగు వరకు ఏదో ఒక కప్పు కింద, నాలుగున్నర తర్వాత మళ్లీ బయట. ఎన్ని చోట్లు చూడాలన్న లెక్కను దీని తర్వాతే వేసుకోవాలి. తేదీలు మీ చేతిలో ఉంటే మే చివరి కంటే ఏప్రిల్ చివరి వారం నయం.

మొత్తం ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

నాలుగు రోజులుంటే హాయిగా సరిపోతుంది. చెన్నైకి ఒకటి, మహాబలిపురానికి ఒకటి, పుదుచ్చేరికి రెండు. రెండు రోజులే ఉంటే పుదుచ్చేరి వదిలేయండి. చిన్నపిల్లలతో రెండు రోజుల్లో మూడు ఊళ్లు తిరిగినవాళ్లకి చివరికి గుర్తుండేది కారు సీటే. ఒక్క రాత్రయినా సముద్రానికి నడిచి వెళ్లగలిగేంత దగ్గర్లో పడుకోండి. తెల్లవారుజామున ఒడ్డున ఉండటం కోసమే ఇంత దూరం రావడం.

రైలు టికెట్లు ఎప్పుడు బుక్ చేసుకోవాలి?

రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు. 2024 నవంబరు 1కి ముందు 120 రోజులుండేది, చాలామంది ఇంకా ఆ పాత లెక్కలోనే ఉన్నారు. మే మొదటి వారం ప్రయాణమైతే మార్చి మొదటి వారంలోనే సిద్ధంగా ఉండండి. తిరుగు టికెట్‌ను కూడా అదే పట్టుతో చూసుకోండి. సెలవుల చివర్లో ఇంటికి వెళ్లే బళ్లే ముందు నిండిపోతాయి.

మన వైపు నుంచి వచ్చే బళ్లన్నీ సెంట్రల్‌కి రావు. కొన్ని ఎగ్మోరుకి, కొన్ని తాంబరానికి వెళ్తాయి. టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో చూశాకే బస చూసుకోండి.

హోటల్ సెంట్రల్ స్టేషన్ దగ్గర తీసుకోవచ్చా?

తెల్లారే మళ్లీ రైలు పట్టుకోవాలంటే తీసుకోండి. సముద్రం కోసం వస్తున్నప్పుడు మాత్రం వద్దంటాను. తిరువాన్మియూరు, బెసెంట్ నగర్ వైపు ఉంటే పొద్దున్నే బీచ్‌కి నడిచి వెళ్లొచ్చు, మహాబలిపురం, పుదుచ్చేరి వెళ్లే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. గుళ్లు, మెరీనా ముఖ్యమనుకుంటే మైలాపూరు లేదా ట్రిప్లికేన్ బాగుంటాయి. శని, ఆదివారాల్లో ఈసీఆర్ రిసార్టుల ధరలు పెరుగుతాయి కాబట్టి ఆ రెండు రోజులూ ఊళ్లో ఉండి, సోమవారం నుంచి ఒడ్డు వైపు వెళ్లడం తెలివైన పని.

నాన్నగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. తీసుకురావచ్చా?

తప్పకుండా తీసుకురండి, కానీ ఇసుకలో ఎక్కువ దూరం నడిపించకండి. మెరీనాలో రోడ్డు దగ్గర నుంచి నీళ్ల దాకా ఇసుక మేర చాలా ఎక్కువ, పెద్దవాళ్లకి అది అలసట. బెసెంట్ నగర్‌లో ఆ దూరం తక్కువ, రోడ్డు పక్కన కూర్చోవడానికి గట్టు ఉంది. పుదుచ్చేరి బీచ్ రోడ్డు ఇంకా అనుకూలం. సముద్రం పక్కనే చదునైన బాట, సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడున్నర వరకు వాహనాలు రానివ్వరు. బీపీ మాత్రలు వాడేవాళ్లు ఎండలో ఎక్కువసేపు ఉండకపోవడం మంచిది. ప్రయాణానికి ముందు డాక్టరుగారితో ఒక మాట చెప్పండి.

తమిళం రాదు. ఇబ్బంది అవుతుందా?

అవ్వదు. చెన్నైలో తెలుగు అర్థమయ్యేవాళ్లు చాలామంది ఉన్నారు, హోటళ్లలోనూ బట్టల షాపుల్లోనూ మరీను. ఆటో మాత్రం యాప్‌లో బుక్ చేసుకుంటే బేరం గొడవ ఉండదు.

## చెన్నైలో

మెరీనాలో ఇసుక, నీళ్లు తప్ప చూడటానికి ఏముంది?

ఉదయం వెళితే చాలా ఉంది. సెంట్రల్ ఎదురుగా ఉన్న పార్క్ టౌన్ స్టేషన్‌లో ఎంఆర్‌టీఎస్ అనే లోకల్ రైలెక్కి లైట్‌హౌస్ స్టేషన్‌లో దిగొచ్చు. బీచ్ ఉత్తరపు కొసన శ్రామిక విజయం శిల్పం ఉంది. బండరాయిని కదిలించే నలుగురు శ్రామికులను దేవీప్రసాద్ రాయ్ చౌధురి మలిచారు. రోడ్డుకి అవతలి పక్క వివేకానంద హౌస్. అమెరికా నుంచి ఓడలో తెచ్చిన మంచుగడ్డలను దాచడానికి 1842లో కట్టిన భవనమది. 1897లో వివేకానందుడు అక్కడ బస చేశారు. పిల్లలకి ఈ మంచు కథ చెప్పి చూడండి, ఆ ఎండలో కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

దక్షిణపు కొసన ఉన్న లైట్‌హౌస్‌కి లిఫ్ట్ ఉంది, పై నుంచి తీరమంతా కనిపిస్తుంది. సోమవారం సెలవు.

అక్కడి నుంచి మైలాపూరు దగ్గరే. రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములుగారి స్మారక భవనం ఉంది. ఆయన ఆమరణ దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచిన ఇల్లు అదే. తెలుగు పిల్లలు చెన్నై దాకా వచ్చి ఆ ఇల్లు చూడకుండా వెళ్లకూడదని నా కోరిక.

పిల్లలు మెరీనాలో స్నానం చేస్తామని మారాం చేస్తున్నారు. కాస్త లోతు దాకా పంపవచ్చా?

వద్దు. మెరీనాలో స్నానం నిషేధం. పోలీసులు ఈల వేసేది వాళ్ల చాదస్తం కాదు. ఇక్కడ ఒడ్డు దాటగానే నేల ఒక్కసారిగా దిగిపోతుంది. అల ఒడ్డుకి దగ్గరగా వచ్చి విరుగుతుంది, వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుకని కూడా లాక్కుపోతుంది. మోకాలి లోతులో నిలబడ్డ పెద్దవాళ్లే తూలిపడతారు. చెరువుల్లో, కాలవల్లో బాగా ఈదేవాళ్లకి ఇంకా ప్రమాదం, ఎందుకంటే వాళ్లకి భయం ఉండదు. ఏటా సెలవుల్లో ఈ తీరంలో పిల్లలు మునిగిపోయిన వార్తలు వస్తూనే ఉన్నాయి. చీలమండ తడిసేంత వరకే, అదీ పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని. ఫోటో కోసం కూడా ఆ చెయ్యి వదలకండి.

తనివితీరా తడవాలంటే ఈసీఆర్ మీద వాటర్ పార్కులున్నాయి, హోటల్ ఈతకొలనులున్నాయి. పిల్లలకి కావాల్సింది నీళ్లే కానీ మెరీనా నీళ్లే కాదు.

సూర్యాస్తమయం ఏ బీచ్‌లో బాగుంటుంది?

ఇది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, ఊరి వెనక్కి దిగుతాడు. వేసవిలో ఉదయం ఐదున్నరకల్లా ఒడ్డున ఉండాలి. సాయంత్రానికి ఏదైనా కావాలంటే పౌర్ణమి చూసుకుని రండి. వైశాఖ పౌర్ణమి నాడు చంద్రుడు నీళ్లలోంచి లేవడం సూర్యోదయం కంటే బాగుంటుందని నేనంటాను.

మధ్యాహ్నం పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి?

ఎగ్మోరులోని ప్రభుత్వ మ్యూజియం నా మొదటి సలహా. 1851లో మొదలైంది. అమరావతి స్తూపం శిల్పాల్లో పెద్ద భాగం ఇక్కడే ఉంది. మన కృష్ణా ఒడ్డు పలకరాళ్ల మీద రెండు వేల ఏళ్ల నాటి ఏనుగులు, గుర్రాలు, జాతక కథలు చెక్కి ఉంటాయి. కంచు విగ్రహాల గ్యాలరీ వేరుగా ఉంది. శుక్రవారం సెలవు. పిల్లలు మరీ చిన్నవాళ్లయితే ఈసీఆర్‌లోని అక్వేరియం మంచిది.

గుళ్లను మధ్యాహ్నానికి పెట్టుకోకండి. కపాలీశ్వరాలయం, ట్రిప్లికేన్ పార్థసారథి గుడి రెండూ మధ్యాహ్నం మూసి ఉంటాయి.

తాబేలు పిల్లలను సముద్రంలోకి వదలడం చూడొచ్చా?

ఏప్రిల్‌లో వస్తే చూడగలిగే అవకాశం ఉంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి మార్చి వరకు ఈ ఒడ్డుకి వచ్చి గుడ్లు పెడతాయి. 1988 నుంచి విద్యార్థుల బృందం ఒకటి రాత్రిళ్లు ఒడ్డు వెంట నడిచి ఆ గుడ్లను జాగ్రత్తగా హేచరీకి, అంటే గుడ్లు పొదిగే చోటికి చేరుస్తోంది. పిల్లలు బయటికి వచ్చాక సాయంత్రం పూట నీళ్లలోకి వదులుతారు. బెసెంట్ నగర్ వైపు అడిగితే చెబుతారు. మే మధ్యకి వచ్చేసరికి దాదాపు అయిపోతుంది. ఫోన్ లైటు వేయకండి. అవి వెలుతురు ఉన్న దిక్కే సముద్రమనుకుని నడుస్తాయి, మీ ఫ్లాష్ వాటిని దారి తప్పిస్తుంది.

## ఈసీఆర్ మీద

మహాబలిపురం వెళ్లే దారిలో ఎక్కడెక్కడ ఆగాలి?

అన్నిచోట్లా ఆగితే మహాబలిపురం చేరరు. రెండు చాలు. ముట్టుకాడులోని దక్షిణచిత్ర మొదటిది. దక్షిణాది పాత ఇళ్లను ఊడదీసి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. వాటిలో మన ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లు ఉంది, నల్గొండ వైపు చేనేతకారుల ఇల్లూ ఉంది. గోడ గుండ్రంగా ఉంటే తుఫాను గాలి పట్టు దొరక్క పక్కల నుంచి జారిపోతుంది. పిల్లల్ని లోపల నిలబెట్టి ఆ సంగతి చెప్పండి. మంగళవారం సెలవు.

రెండోది వడనెమ్మేలిలో మొసళ్లను పెంచి కాపాడే మొసళ్ల బ్యాంకు. రొములస్ విటేకర్, జై విటేకర్ 1976లో ప్రారంభించారు. సోమవారం సెలవు. చెట్ల నీడ ఉన్నా పది లోపు వెళ్లడం మంచిది. ముట్టుకాడులో పడవ షికారు కూడా ఉంది, కానీ ఎండ తగ్గాకే ఎక్కండి.

మహాబలిపురం ఒక్క పూటలో అయిపోతుందా?

పరుగులు పెడితే అయిపోతుంది, కానీ వేసవిలో అది పొరపాటు. రాళ్లు ఎండకి కాలిపోతాయి, కొన్నిచోట్ల చెప్పులు విప్పాలి. ముందు రోజు సాయంత్రమే చేరి అక్కడ పడుకోండి.

తెల్లారగానే తీరపు గుడికి వెళ్లండి. ఎనిమిదో శతాబ్దపు మొదట్లో రాజసింహుడనే పల్లవ రాజు రెండో నరసింహవర్మ కట్టించింది. ఉప్పు గాలికి అరిగిన ఆ రాళ్ల మీద మొదటి ఎండ పడే వేళ మీరక్కడ ఉండాలి. తర్వాత పంచ రథాలు. ఇవి కట్టినవి కావు, బండల్ని పై నుంచి కిందికి చెక్కుతూ వచ్చినవి. పాండవుల పేర్లు తర్వాతి కాలంలో వచ్చినవే. నకుల సహదేవ రథం వెనక వైపు గుండ్రంగా ఏనుగు వీపులా ఉంటుంది. శిల్పి పక్కనే నిజంగా ఒక ఏనుగునీ చెక్కాడు. రెంటినీ ఒకే చూపులో చూసేలా నిలబడండి, ఆ శిల్పి ఉద్దేశం అర్థమవుతుంది. ఈ రెండు చోట్లకీ ఒకే టికెట్, 15 ఏళ్ల లోపు పిల్లలకి టికెట్ లేదు.

అర్జునుడి తపస్సు రోడ్డు పక్కనే ఉంది. అది భగీరథుడు గంగను దించే కథ అని కూడా అంటారు, మధ్యలో ఉన్న బండ చీలికలోంచి నాగులు పైకి వస్తుంటే ఆ మాటా నిజమనిపిస్తుంది. ఏనుగు పక్కన తపస్సు చేసే పిల్లి, దాని ముందు ఎలుకలు ఉంటాయి. పిల్లల్ని వెతకమనండి, అరగంట కదలరు. కృష్ణుడి వెన్నముద్ద అనే గుండు దాదాపు 250 టన్నుల బరువుంటుంది. జారుడు బండ మీద ఎలా ఆగిందో చూసి తీరాలి.

పదింటికి గదికి వచ్చేయండి. సాయంత్రం ఓపిక ఉంటే ఉత్తరాన సాళువన్‌కుప్పంలో పులి గుహ ఉంది. దానికి దగ్గర్లోనే 2004 సునామీ తర్వాత జరిపిన తవ్వకాల్లో పాత ఇటుకల మురుగన్ గుడి బయటపడింది.

సొంత కారు లేదు. బస్సులో వెళ్లగలమా?

వెళ్లగలరు. ఈసీఆర్ మీదుగా వెళ్లే మహాబలిపురం, పుదుచ్చేరి బస్సులు తిరువాన్మియూరులో ఆగుతాయి. కొన్ని పుదుచ్చేరి బస్సులు మహాబలిపురం ఊళ్లోకి వెళ్లవు, బైపాస్ మీదే దింపేస్తాయి. ఎక్కేముందు అడగండి.

కోవళంలో సర్ఫింగ్ నేర్పిస్తారట. కొత్తవాళ్లు చేయొచ్చా?

ఈత వస్తే చేయొచ్చు. ఈసీఆర్ మీద ఉన్న ఈ కోవళం జాలర్ల ఊరు, ఇక్కడి కుర్రాళ్లే చాలామంది ఇప్పుడు శిక్షకులు. సముద్రం వాళ్లకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. గాలి పెరగకముందు, ఉదయం క్లాసే తీసుకోండి. శిక్షకుడికి సర్టిఫికెట్ ఉందో లేదో, ఒక్కరికి ఎంతమందిని అప్పగిస్తారో అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఇంకో చోటికి వెళ్లండి. కేరళలో ఉన్న కోవళం వేరు, మ్యాప్‌లో చూసుకోండి.

## పుదుచ్చేరి

చెన్నై నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చా?

దూరం 150 కిలోమీటర్లకి కాస్త ఎక్కువ, వెళ్లి రావచ్చు. కానీ మీరు చేరేసరికి ఎండ, చల్లబడే వేళకి తిరుగు ప్రయాణం. ఆ ఊరి అందం సాయంత్రం ఆరు తర్వాత, పొద్దున ఏడు లోపు. ఒక రాత్రి ఉండండి. ఆదివారం సాయంత్రం చెన్నై వైపు ఈసీఆర్ బాగా రద్దీగా ఉంటుంది, ఆ సమయం తప్పించండి.

ఆరోవిల్‌లో మాతృమందిరం లోపలికి పంపిస్తారా?

వెళ్లిన రోజే లోపలికి పంపరు, ముందుగా బుక్ చేసుకోవాలి. బయటి నుంచి చూడటానికి మాత్రం విజిటర్స్ సెంటర్‌లో ఉచితంగా పాస్ ఇస్తారు. అక్కడి నుంచి చెట్ల మధ్య సుమారు కిలోమీటరు నడక. అది ధ్యానం చేసుకునే చోటు, అల్లరి పిల్లలకి బయటి నుంచి చూడటమే మేలు.

అక్కడ సముద్రంలో దిగొచ్చా?

బీచ్ రోడ్డు పక్కన చాలాచోట్ల బండరాళ్ల గట్టు, అక్కడ దిగకూడదు. చున్నాంబారు నుంచి పడవలో వెళ్లే ప్యారడైజ్ బీచ్‌లో ఇసుక బాగుంటుంది, కానీ అలలు బలమైనవి. గార్డు ఎంత లోతు చెబితే అంతే.

## తిండి

మేలో వస్తున్నాం, పెద్ద చేపలు బాగా దొరుకుతాయా?

చేపల కోసమే అయితే మే సరైన నెల కాదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. వంజరం లాంటివి పడమటి తీరం నుంచో ఐసులోంచో వస్తాయి, ధర మండిపోతుంది. ఈ రోజుల్లో చిన్న పడవల వాళ్లకి నిషేధం ఉండదు. వాళ్లు తెచ్చే చిన్న చేపలు తాజాగా ఉంటాయి, వాటినే అడగండి. వాళ్ల దగ్గర కొంటే ఆ కష్టకాలంలో వాళ్లకీ సాయం.

బీచ్‌లో అమ్మేవి పిల్లలకి పెట్టొచ్చా?

కళ్ల ముందు నూనెలోంచి తీసిన మిరపకాయ బజ్జీ, వేడి వేడి సుండల్ పెట్టొచ్చు. సుండల్‌లో ఉడికిన బఠాణీ, కొబ్బరి, పచ్చిమామిడి ముక్కలు ఉంటాయి, అంతకంటే మంచి బీచ్ తిండి లేదు. కోసి పెట్టిన పండ్లు, ఐసు వేసిన రసాలు వద్దు. ఈసీఆర్ పక్కన తాటి ముంజలు, కొబ్బరిబోండాలు దొరుకుతాయి. ముంజలు అప్పటికప్పుడు కోయించుకోండి.

## నీళ్ల దగ్గర జాగ్రత్తలు

సముద్రం లోపలికి లాగేస్తుంటే ఏం చేయాలి?

దీన్ని ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. అలలు ఒడ్డుకి తెచ్చిన నీరు ఒకచోట సన్నటి పాయగా కలిసి వేగంగా లోపలికి వెళ్లిపోతుంది. దాన్ని రిప్ కరెంట్ అంటారు. ఆ చోట అలలు విరగవు, నీళ్లు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తాయి. అందుకే పిల్లలున్నవాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు.

అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, ఎంత ఈతగాడైనా అలసిపోతాడు. వెల్లకిలా తేలండి, చెయ్యి ఎత్తి పిలవండి. ఈదగలిగితే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, అలలు విరిగే చోటికి వచ్చాక వాటితో పాటు ఒడ్డుకి రండి.

ఒడ్డున ఉన్నవాళ్లు ఆవేశంగా దూకకండి. ఒకరిని కాపాడబోయి ముగ్గురు పోయేది ఇలాగే. మూత పెట్టిన ఖాళీ నీళ్ల క్యాన్, ట్యూబు, తాడు, తేలేది ఏదైనా విసరండి, దగ్గర్లో ఉన్న జాలర్లను పిలవండి, 108కి ఫోన్ చేయండి. కోస్ట్ గార్డ్ నంబరు 1554.

ఎండ బాగానే ఉంది, తుఫాను లేదు. అయినా సముద్రం ప్రమాదంగా ఉంటుందా?

ఉండొచ్చు. వేసవిలో ఎక్కడో హిందూ మహాసముద్రపు దక్షిణ భాగంలో లేచిన అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి మన ఒడ్డును తాకుతాయి. ఇక్కడ గాలే ఉండదు, అల మాత్రం ఒక్కసారిగా ఇసుక మీదికి ఎగబాకుతుంది. వీటి హెచ్చరికలను హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇస్తుంది. బయల్దేరే రోజు పొద్దున అవి చూడండి. హెచ్చరిక ఉంటే ఆ రోజు మ్యూజియానికి.

జెల్లీ ఫిష్ కుడితే?

రుద్దకండి, మంచినీళ్లు పోయకండి, మంట ఇంకా పెరుగుతుంది. సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న తీగలను చేత్తో ముట్టకుండా తీసి డాక్టరుకి చూపించండి. ఊపిరి ఆడకపోతే ఆలస్యం చేయొద్దు.

## ఇంకా సమయం ఉంటే

పులికాట్‌లో ఫ్లెమింగోలు చూడొచ్చా?

అవి చలికాలపు అతిథులు. అక్టోబరు నుంచి మార్చి లోపు రావాలి. వేదంతాంగళ్ పక్షుల కేంద్రం కూడా వేసవిలో ఖాళీగా ఉంటుంది.

శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూపించాలని ఉంది.

ప్రయోగం ఉంటే ఇస్రో వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ తెరుస్తారు, సందర్శకుల గ్యాలరీకి పాస్ ఉచితం. సూళ్లూరుపేట దాకా చెన్నై నుంచి రైళ్లున్నాయి. తేదీలు వాయిదా పడుతుంటాయి కాబట్టి దాని కోసమే టికెట్లు కొనకండి. ఆకాశం తేటగా ఉంటే చెన్నై మేడల మీంచి కూడా నిప్పుల గీత కనిపిస్తుంది.

ఇంత దూరం వచ్చాం కదా, రామేశ్వరం కూడా కలిపేయొచ్చా?

కలపొద్దు. చెన్నై నుంచి ఇంకా 550 కిలోమీటర్లకు పైనే, ఒక రాత్రి రైలు ప్రయాణం. 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైన కొత్త పాంబన్ వంతెన మీద రైలులో వెళ్లాలన్న సరదా ఉంటే దానికి వేరే సెలవు పెట్టుకోండి. ధనుష్కోడికి ఒక పూట, గుడిలో తీర్థాలకి ఒక పూట కావాలి. పెద్దవాళ్లతో వెళ్లాలనుకుంటే డిసెంబరు, జనవరి బాగుంటాయి.